చెంప ఆనే చోటు

2014 జూలై. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటి నుంచి నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే మొక్కజొన్న పొలాల మధ్య ఒక చిన్న ఊరు వస్తుంది. ఆ ఊళ్లో ఒకప్పటి పాల డెయిరీ షెడ్‌లో గ్యారీ అనే ఆయనకు తుపాకులు బాగుచేసే వర్క్‌షాప్ ఉంది. అందులో నాది ఆరో ఏడు. నా పని స్టాకులు చెక్కడం. స్టాక్ అంటే రైఫిల్‌లో భుజానికి ఆనించి పట్టుకునే చెక్క భాగం. గొట్టమూ ఇనుమూ గ్యారీ చూసుకుంటాడు, చెక్క నాది.

ఈ పనిలోకి నేను కావాలని రాలేదు. అంతకుముందు పదహారేళ్లు కార్ల సీట్లు డిజైన్ చేశాను. 2008 చివర్లో మా కంపెనీ మా డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని ఒకే శుక్రవారం ఇంటికి పంపింది. ఇంటి గరాజ్‌లో సరదాగా బల్లలూ కుర్చీలూ చేసే అలవాటుండేది. ఆ కుర్చీల ఫొటోలు పట్టుకుని, పేపర్‌లో ప్రకటన చూసి గ్యారీ దగ్గరకు వెళ్లాను. "వేటాడతావా?" అని అడిగాడు. నేను మాంసమే తిననని చెప్పాను. చాలాసేపు నా ముఖం చూసి, "మంచిదే, స్టాక్ ఎలా ఉండాలో నీకు సొంత అభిప్రాయాలు ఉండవు" అని పనిలో పెట్టుకున్నాడు.

మా స్నేహితుల మధ్య నేను కొన్నాళ్లు నవ్వులాటకు పనికొచ్చాను. పార్టీల్లో "పప్పన్నం తిని తుపాకులు చేసేవాడు ఇడుగో" అని కొత్తవాళ్లకు పరిచయం చేసేవారు. నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఆ పని నాకు సీట్ల కన్నా నచ్చింది. కార్ల కంపెనీలో పదహారేళ్లు సగటు మనిషి కోసం పనిచేశాను. ఆ సగటు మనిషిని ఎప్పుడూ చూడలేదు, ఆయన ఎక్కడా ఉండడు. ఇక్కడ మాత్రం ఎదురుగా ఒక మనిషి నిలబడతాడు. ఆయన చెయ్యి ఎంత పొడవు, మెడ ఎంత, చెంప ఎంత నిండుగా ఉంది అన్నీ కొలిచి, ఆ ఒక్కడి కోసం చెక్కాలి. కొలవడం నాకు వచ్చు. కొలిస్తే మనిషి తెలిసిపోతాడని నా నమ్మకం. ఈ కథంతా ఆ నమ్మకం గురించే.

మా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది సింగిల్‌షాట్ రైఫిళ్ల వాళ్లు. పేరులోనే ఉంది, అందులో ఒక్క తూటాయే పడుతుంది. పేల్చాక మళ్లీ తెరిచి, ఇంకోటి చేత్తో పెట్టుకోవాలి. ఈ కాలంలో అలాంటిది ఎందుకు కొంటారని నేనూ మొదట్లో ఆశ్చర్యపోయాను. వాటిని ఇష్టపడేవాళ్లు ఒక రకం మనుషులు. రెండో తూటా ఉంటే మొదటిదాని మీద శ్రద్ధ తగ్గుతుందని వాళ్ల వాదన. జంతువు ఒక్క దెబ్బకు, బాధ తెలియకుండా పడిపోవాలి. అలా కొట్టగలననే నమ్మకం లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. వేట నాకు గిట్టదు గానీ, ఈ మాట అనేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది.

వాల్టర్ ఆ రకం మనిషి. డెబ్బై రెండేళ్లు. మా కార్ల పరిశ్రమలోనే టూల్‌మేకర్‌గా ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి రిటైర్ అయ్యాడు. టూల్‌మేకర్ అంటే ఫ్యాక్టరీలో యంత్రాలకు వాడే అచ్చులనూ పనిముట్లనూ వెంట్రుకవాసి తేడా లేకుండా చేసే పనివాడు. ఆ పనివాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఏ వస్తువుకు ఏ మార్పు చేసినా, ఎంత తీశారో ఎంత కలిపారో, తారీఖుతో సహా ఆ వస్తువు మీదే ఎక్కడో కనపడని చోట రాసిపెడతారు. తర్వాత వచ్చేవాడికి తెలియాలని. మా కంపెనీలో నాకు తెలిసిన వాళ్లందరూ అంతే.

ఆ జూలై మధ్యాహ్నం ఆయన ఒక వాల్‌నట్ పలకను భుజాన వేసుకుని వచ్చాడు. ఆరడుగుల పైన ఎత్తు, మేళం వాయించేవాడిలాంటి చేతులు. పలకను నా బల్ల మీద పెట్టి రొప్పుతూ నిలబడ్డాడు.

"మా పొలంలో చెట్టు ఇది. గాలివానకు పడిపోయింది. కోయించి పదకొండేళ్లు కొట్టంలో ఆరబెట్టాను. ఇందులోంచి ఒక స్టాక్ వస్తుందా?"

పలక మీద తడి గుడ్డతో తుడిచి చూశాను. గోధుమరంగు మీద నల్లటి చారలు పైకి లేచాయి. అంత మంచి చెక్క నా చేతికి అప్పటికి రాలేదు.

"ఒకటి కాదు, రెండు వస్తాయి" అన్నాను.

"ఒకటి చాలు" అన్నాడు.

ఆ ఏడాది మా వైపు చాలామంది కొత్త రైఫిళ్లు కొన్నారు. మిషిగన్ దక్షిణ భాగంలో ఇళ్లూ ఊళ్లూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి, జింకల సీజన్‌లో మామూలు రైఫిళ్లు వాడనివ్వరు. షాట్‌గన్‌లో లావుపాటి సీసం గుండు వేసి కొట్టేవాళ్లు. అవి భుజాన్ని దారుణంగా తంతాయి. ఆ ఏడాది రూల్ మారింది. ఎక్కువ దూరం పోని కొన్ని పొట్టి తూటాలకు అనుమతి వచ్చింది. వాల్టర్ కూడా ఆ కబురు విని, తన పాత షాట్‌గన్ పక్కన పెట్టి ఫాలింగ్ బ్లాక్ రైఫిల్ ఒకటి ఆర్డర్ చేయించుకుందామని వచ్చాడు. కిందున్న లీవర్ లాగితే తూటా వెనకాల ఉన్న ఉక్కు దిమ్మ కిందికి జారుతుంది, తూటా పెట్టి లీవర్ మూస్తే మళ్లీ పైకి లేస్తుంది. సింగిల్‌షాట్లలో అది అందగత్తె.

ముందు క్యాలిబర్ తేల్చాలి. క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, దాన్నిబట్టి తూటా. ఎవరికైనా నేను మూడే అడుగుతాను. ఏ జంతువు, ఎంత దూరం, ఎంత రికాయిల్ ఓర్చుకోగలరు? రికాయిల్ అంటే పేల్చినప్పుడు వెనక్కి తన్నే తన్ను.

"జింక. మా వెనక పొలం, ఎనభై గజాలకు మించదు" అన్నాడు వాల్టర్. మూడోదానికి భుజం తడుముకున్నాడు. ".357 చాలదా నాకు?" అన్నాడు.

.357 మ్యాగ్నం చిన్న తూటా. జింకను కొడుతుంది, కానీ చాలా దగ్గర నుంచి, సరిగ్గా తగిలితేనే. మెత్తగా తంతుంది కనుక సన్నగా ఉండేవాళ్లు అడుగుతారు. అంత మనిషి అది అడిగితే నాకు నవ్వొచ్చింది.

"మీ భుజానికి అది దోమ కుట్టినట్టు. ఎనభై గజాలంటే .44 మ్యాగ్నం తీసుకోండి. కాస్త పక్కకు తగిలినా పడగొడుతుంది. మీరు ఇన్నేళ్లు షాట్‌గన్ తన్నులు తిన్నారు కదా, దానిముందు ఇదెంత?"

"కాస్త పక్కకు తగలడం నాకు ఇష్టం లేదు" అన్నాడు. మళ్లీ తనే, "సరే, నువ్వు చెప్తున్నావు కాబట్టి" అన్నాడు.

ఇంకో కోరిక కూడా కోరాడు. రైఫిల్ తేలిగ్గా ఉండాలి. గొట్టం పొట్టిది, ముందు చెక్క సన్నది. తేలిక రైఫిల్ ఎక్కువ తంతుందని చెప్పాను. తెలుసన్నాడు. పెద్ద శరీరం, చిన్న తూటా, తేలిక తుపాకీ. ఆ మూడూ కలవవు. సీట్ల డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా అలాంటి అంకెలు తెచ్చి ఇస్తే, ఎక్కడో తప్పుందని వెనక్కి పంపేవాణ్ణి. ఆ రోజు పంపలేదు, ముసలాయన ముచ్చటలే అనుకున్నాను.

స్టాక్ ఏ తీరున ఉండాలన్న దగ్గర మాత్రం ఆయన మాటే నెగ్గింది. కొందరు మోంటే కార్లో అనే తీరు అడుగుతారు. చెంప ఆనే చోటు గట్టులా పైకి లేచి ఉంటుంది, తుపాకీ మీద గురి చూసే టెలిస్కోప్, అంటే స్కోప్, పెట్టుకునేవాళ్లకు అది అనువు. ఆయనకు పాత క్లాసిక్ తీరు కావాలి. పైగీత తిన్నగా, గట్లూ వంపులూ లేకుండా. "గట్టు పెడితే చెట్టు నవ్వుతుంది" అన్నాడు. అది ఒప్పుకుంటే చెంప ఆనే చోటు, దాన్ని మేం కోంబ్ అంటాం, దాని ఎత్తు చాలా కచ్చితంగా ఉండాలి. ఒక్క పిసరు తగ్గినా కన్ను స్కోప్‌కి అందదు. తల ఎత్తి వెతుక్కోవాలి. తల ఎత్తితే చెంప చెక్కను వదిలేస్తుంది, గురి మనది కాకుండా పోతుంది.

కొలతలు తీశాను. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి దాకా పొడవును లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. నవంబర్‌లో మందపాటి కోటు వేసుకుంటారు కనుక దానికి కొంత తగ్గించాలి. ఆ మాట చెప్పి కోటు తెమ్మన్నాను. ఆయన ట్రక్కులోంచి తెచ్చి, ఆ ఎండలో చెమటలు కక్కుతూ తొడుక్కుని నిలబడ్డాడు. బొత్తాలు పెట్టుకుంటుంటే చూశాను. బెల్టుకు అసలు కన్నాలు అయిపోయాక, మేకుతో పొడిచిన కొత్త కన్నం ఒకటి ఉంది. అందులో ముల్లు పెట్టుకున్నాడు.

చూశాను. ఆర్డర్ కార్డు మీద కోటు మందం రాసుకున్నాను. చెంప ఎత్తు రాసుకున్నాను. బెల్టు సంగతి నోట్లోంచి రాలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లను ఒంటి సంగతులు అడగడం మర్యాద కాదు. మా నాన్నకు షుగర్ ఉందని మాకు ఆయన పోయాక తెలిసింది. వాళ్లే చెప్తే వినాలి, లేకపోతే చూడనట్టు ఉండాలి. నేను పెరిగింది అలాగ. దానికి తోడు ఈ దేశంలో ఇరవై ఏళ్లు ఉండి, ఇంకొకళ్ల సొంత విషయాల్లో తలదూర్చకూడదన్నది కూడా బాగా నేర్చుకున్నాను. రెండు మర్యాదలూ కలిసి నా నోటికి తాళం వేశాయి.

ఆగస్టులో రైఫిల్ వచ్చింది. చెక్కను ఇనుముకు అతుకు తెలియకుండా కూర్చాను. ఆ పని అయ్యాక వాల్టర్ వచ్చి, రైఫిల్‌ను దాంతో వచ్చిన కంపెనీ స్టాక్‌తోనే ఇంటికి తీసుకెళ్లాడు, అభ్యాసం చేసుకుంటానని. నా దగ్గర చెక్క మాత్రం ఉంది. దానికి నూనె పట్టించాలి. ఒక పూత, ఆరడం, రుద్దడం, మళ్లీ పూత. ఆరు వారాలు పట్టింది. ఒకే పొడవాటి బోల్టుతో బిగుస్తుంది కాబట్టి, తనే బిగించుకుంటానన్నాడు. టూల్‌మేకర్‌కి బోల్టు బిగించడం నేర్పక్కర్లేదు.

మా షాపులో ఒక రూలుంది. గ్యారీ రాసి గోడకు అంటించాడు. కస్టమర్ భుజానికెత్తి చూడకుండా స్టాక్ గుమ్మం దాటకూడదు. ఎందుకంటే కొలిచిన రోజు మనిషి వేరు, తీసుకెళ్లే రోజు మనిషి వేరు. బరువు పెరుగుతాడు, మెడ పట్టేస్తుంది, కళ్లజోడు మారుతుంది. గ్యారీ ఈ మాట నాతో లెక్కలేనన్నిసార్లు అన్నాడు.

అక్టోబర్ మొదట్లో స్టాక్ తయారైందని ఫోన్ చేస్తే, వాల్టర్ రాలేదు. ఆయన భార్య మార్గరెట్ వచ్చింది. గంటన్నర ప్రయాణం. "కొట్టం కప్పు బాగుచేస్తున్నాడు, రాలేకపోయాడు" అంది. గ్యారీ ఆ రోజు లేడు. రూలు గుర్తుంది. అయినా అంత దూరం నుంచి వచ్చిన పెద్దావిణ్ణి ఖాళీ చేతులతో పంపడం నాకు మనసొప్పలేదు. కార్డు తీసి అంకెలు చూసుకున్నాను. స్టాక్ కొలిచాను. అన్నీ సరిపోయాయి. దుప్పటి గుడ్డలో చుట్టి ఇచ్చాను. నూనె పూత ఎలా కాపాడుకోవాలో, తడిస్తే ఏం చెయ్యాలో పది నిమిషాలు చెప్పాను.

ఆవిడ విన్నది. అయిపోయాక కూడా కదల్లేదు. బల్ల అంచు పట్టుకుని, ఆ చుట్టిన గుడ్డను చూస్తూ నిలబడింది. కళ్ల కింద ఎర్రగా ఉంది. నేను డ్రైవింగ్ అలసట అనుకున్నాను. అనుకోవడం సుఖం కనుక అనుకున్నాను.

"కాఫీ ఇవ్వనా?" అని అడిగాను.

"వద్దు" అంది. ఇంకాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

నవంబర్ పదిహేను మా రాష్ట్రంలో జింకల సీజన్ మొదలయ్యే రోజు. పొద్దున పదింటికి వాల్టర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎప్పుడూ నాకు ఫోన్ చెయ్యని మనిషి.

"ప్రభాకర్, నీకు వీలవుతుందా? ఒక జింకను వెతకాలి. మా పక్క పొలం వాళ్లు ఊళ్లో లేరు. గ్యారీ ఫోన్ ఎత్తడం లేదు."

మా ఆవిడ సుజాతకు చెప్తే, "మీకెందుకండీ ఇవన్నీ? చచ్చిన జింకను వెతకడానికి వెళ్తారా?" అంది.

"చావలేదు. అందుకే వెతకడం" అన్నాను.

ఆవిడ ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చింది. వెళ్లేసరికి సన్నగా వాన పడుతోంది, మంచు కలిసిన వాన. వాల్టర్ ట్రక్కు వెనక తలుపు దించుకుని దాని మీద కూర్చున్నాడు. దూరం నుంచి చూసి వేరే ఎవరో అనుకున్నాను. జూలైలో నేను కొలిచిన కోటే ఒంటి మీద ఉంది. కోటు అలాగే ఉంది, లోపల మనిషి లేడు. చెంపలు లోపలికి పోయి, దవడ ఎముకలు బయటకు వచ్చాయి. ఏమైందండీ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దాని బదులు ఇంకోటి అడిగాను. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"స్టాక్ సరిగ్గా ఆనిందా?"

వాల్టర్ నావైపు చూశాడు. "బాగా ఆనింది. నీ పనిలో లోపం లేదు. ట్రిగ్గర్ లాగేటప్పుడు నేనే ఉలిక్కిపడ్డాను."

తన్ను తెలిసిన శరీరం అది పడకముందే బిగుసుకుంటుంది. ఆ బిగువుకు గురి తప్పుతుంది. తూటా గుండె దగ్గర కాకుండా పొట్టలో తగిలింది. జింక వీపు వంచి, కాళ్లీడ్చుకుంటూ పొదల్లోకి పోయిందట. పొట్టలో తగిలిన జింక వెంటనే చావదు. గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు. వాల్టర్‌కు అది నాకన్నా బాగా తెలుసు.

రక్తం ఎలా వెతకాలో నాకు ఆయనే చెప్పాడు. నడుము వంచి, ఆకుల అడుగు వైపు చూడాలి. మొదటి చుక్కలు కనపడ్డాయి. మాంసం ముట్టని ఇంట్లో పుట్టి, యాభై మూడేళ్ల వయసులో, ఒక బతికున్న జంతువు నెత్తుటి చుక్కలు లెక్కపెట్టుకుంటూ ముళ్లకంపల్లో పాకాను. వాన ఒక్కో చుక్కనూ కడిగేస్తోంది. వాగు దాకా వెళ్లాక ఇక ఏమీ కనపడలేదు. వెనక్కి వచ్చి చెప్తే, వాల్టర్ లేవబోయాడు. నాలుగు అడుగులు వేసి కంచె గుంజ పట్టుకుని ఆగిపోయాడు. నేనే మళ్లీ వెళ్లాను. సాయంత్రం దాకా రెండు వైపులా వాగు గట్టు వెంట తిరిగాను. దొరకలేదు.

ఆయన ట్రక్కు దగ్గరే ఉన్నాడు. "యాభై ఆరేళ్ల నుంచి వేటాడుతున్నాను. ఇలా ఒకదాన్ని వదిలేసి ఎప్పుడూ ఇంటికి పోలేదు" అన్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. రైఫిల్ అప్పటికే పెట్టెలో పెట్టి ముందు సీటు వెనక వేశాడు. నేను చూస్తానని అడగలేదు, ఆయన తియ్యలేదు.

మూడు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. కాకులు తిరుగుతుంటే చూసి, ఊరి నుంచి తిరిగొచ్చిన పక్క పొలం వాళ్ల ట్రక్కులో వెళ్తే, వాగుకు అవతల దొరికిందట. మాంసం పనికిరాదు. అయినా తన లైసెన్సు ట్యాగు దాని కొమ్ముకు కట్టి వచ్చాడట. ట్యాగు కట్టడమంటే అది నా జింక, నేను చంపాను అని ఒప్పుకోవడం. ఒక ట్యాగుకు ఒక్క జింకే.

"నా సీజన్ అయిపోయింది" అన్నాడు. ఇంకేదో చెప్తాడేమోనని ఫోన్ చెవి దగ్గరే పట్టుకున్నాను. ఆయనా పెట్టెయ్యలేదు. "జాగ్రత్త వాల్టర్ గారూ, చలి ఎక్కువగా ఉంది" అన్నాను. ఆయన సరే అని పెట్టేశాడు.

జనవరిలో పోయాడు. మాకు కబురు తెలిసింది మార్చిలో, మార్గరెట్ రైఫిల్ పెట్టె పట్టుకుని షాపుకు వచ్చినప్పుడు. పాంక్రియాస్ క్యాన్సర్. మే నెలలో తెలిసిందట. అంటే ఆయన పలక భుజాన మోసుకుని వచ్చి రొప్పుతూ నిలబడిన రోజుకే తెలుసు. "ఒకటి చాలు" అన్నప్పుడు తెలుసు.

"రైఫిల్ గ్యారీ అమ్మిపెట్టాలి. చెక్క మాత్రం నాకు తీసి ఇవ్వండి, అది మా చెట్టు" అంది మార్గరెట్.

పెట్టె తెరిచాను. నేను చేసిన స్టాక్ నేను చేసినట్టు లేదు. కోంబ్ మీద, చెంప ఆనే చోట, ఉన్ని గుడ్డ లాంటి పట్టీ అంటించి ఉంది. మందుల షాపుల్లో కాళ్ల బొబ్బలకు అమ్మే జిగురు గుడ్డ. దాని మీద ఇంకోటి. దాని మీద మూడోది. అంచులు బ్లేడుతో చక్కగా కోశాడు, చెయ్యి వణికిన గుర్తు ఒక్కచోటే ఉంది. స్టాక్ కూడా పొట్టిగా కనిపించింది. బోల్టు తియ్యడానికి వెనకున్న రబ్బరు దిమ్మ విప్పాను. దాని కింద, చెక్క కోసిన ముఖం మీద, పెన్సిల్‌తో సన్నని అక్షరాలు. టూల్‌మేకర్ రాత.

అక్టోబర్ పదకొండు, ఒక పొర. అక్టోబర్ ఇరవై ఆరు, రెండో పొర, వెనక పావు అంగుళం తీశాను. నవంబర్ తొమ్మిది, మూడో పొర, ఇంకో పావు అంగుళం.

చెంప లోపలికి పోయినకొద్దీ గుడ్డ పైకి లేపాడు. చేతుల్లో బలం తగ్గి రైఫిల్‌ను ముందుకు చాచి పట్టుకోలేక, చెక్క కోసి దగ్గరకు లాక్కున్నాడు. ఆస్పత్రిలో మంచానికి తగిలించే చార్టులాగ ఉంది అది. కోసిన చెక్క ముఖం ఎంత నునుపుగా ఉందో చెప్పలేను. అంత జబ్బులో అంత శుభ్రంగా పని చేశాడు. నేను చెప్పిన .44 తన్నును మాత్రం ఆయన ఏ గుడ్డతోనూ తగ్గించుకోలేకపోయాడు. .357 అడిగిన మనిషికి నేను నవ్వుతూ అంటగట్టిన తన్ను అది.

రబ్బరు దిమ్మను బల్ల మీద పెట్టాను. ఆవిణ్ణి అడిగాను. "ఎందుకు నా దగ్గరకు తీసుకురాలేదమ్మా? ఇది నాకు అరపూట పని. సరిచేసి ఇచ్చేవాణ్ణి."

మార్గరెట్ కుర్చీలో కూర్చుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే భరించేవాణ్ణి.

"తీసుకొస్తే ఎందుకిలా అయ్యావని మీరు అడుగుతారని భయపడ్డాడు. అడిగితే చెప్పాలి. చెప్తే మీరు రైఫిల్ ఇవ్వరేమోనని, వేటకు వద్దంటారేమోనని. ప్రభాకర్ అడుగుతాడు, నేను వెళ్లను అన్నాడు. నేనన్నాను, ఆయన అడగడు వాల్ట్, నువ్వు ధైర్యంగా వెళ్లు అని."

నాకు అర్థం కాలేదు.

"అక్టోబర్‌లో నేను వచ్చాను కదా. అప్పటికి మా పిల్లలకు కూడా చెప్పలేదు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. గంటన్నర సేపు డ్రైవ్ చేస్తూ, ఈ దారిలో ఎవరైనా ఒక్కరు ఎలా ఉన్నారని అడిగితే చెప్పేద్దామనుకున్నాను. మీరు నూనె గురించి చెప్పారు."

నేను తల దించుకున్నాను. బల్ల మీద రంపపు పొట్టు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. క్షమించమని అడిగాను. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి, "మీరు మంచివారు. ఆయన అదే అనేవాడు" అంది. ఆ మాట తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

చెక్క విప్పి ఇచ్చాను. పట్టీలు తీసి శుభ్రం చేసివ్వనా అని అడిగాను. "వద్దు, అక్కడే ఆయన చెంప ఉంది" అంది. అదే దుప్పటి గుడ్డలో చుట్టుకుని వెళ్లింది.

ఇంటికి వెళ్లి సుజాతకు చెప్పాను. అన్నీ విని, "మీరు నన్ను కూడా అడగరు కదా" అంది, గిన్నెలు సర్దుకుంటూ. దెప్పడానికి అనలేదు, ఉన్నమాట అన్నది. ఆ రాత్రి అడిగాను. మోకాలు ఏడాది నుంచి నొప్పిగా ఉందట.

ఈ పని నేర్చుకునేవాళ్లు నన్ను క్యాలిబర్ ఎలా ఎంచాలి, ఏ తీరు స్టాక్ ఎవరికి నప్పుతుంది అని అడుగుతారు. జంతువు, దూరం, రికాయిల్ అని చెప్తాను. అవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. చిన్న తూటా అడిగిన పెద్ద మనిషిని చూసి నవ్వొద్దని చెప్తాను. మనిషి చెప్పే కొలతలు ఒకదానితో ఒకటి కలవకపోతే తప్పు కొలతలో లేదని, మనకు చెప్పని మాట ఒకటి మిగిలి ఉందని చెప్తాను. రూలు గోడ మీద ఉంటే చాలదని కూడా. నేను మాత్రం నా ఆర్డర్ కార్డు మార్చుకున్నాను. లెంగ్త్ ఆఫ్ పుల్, కోంబ్ ఎత్తు, కోటు మందం, అన్నిటికీ పైన మొదటి గీత మీద ఒక ప్రశ్న అచ్చు వేయించాను. ఒంట్లో ఎలా ఉంది?

కొందరు చికాకు పడతారు. 2015 ఆగస్టులో ఒకాయన కార్డు చూసి, "దీనికీ తుపాకీకీ ఏమిటి సంబంధం?" అన్నాడు. అరవై దాటిన మనిషి, నిబ్బరంగా ఉన్నాడు, చొక్కా కాలర్ మాత్రం మెడకు వదులుగా ఉంది.

పాత నేనైతే సారీ చెప్పి కార్డు వెనక్కి తీసుకునేవాణ్ణి. టేపు కింద పెట్టి, "తుపాకీతో సంబంధం లేదండీ, నేను అడుగుతున్నాను" అన్నాను.

ఆయన తలుపు వైపు చూశాడు. నా వైపు చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.